వేళ్లతో సాగదీయనక్కర్లేని వెబ్ పేజీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బంది గురించి. వెబ్‌సైట్ కంప్యూటర్‌లో బాగానే ఉంటుంది, ఫోన్‌లో మాత్రం అవస్థ పెడుతుంది. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం. సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే భాష) పేర్లను పలికే తీరులోనే తెలుగులో రాశాం. ఫైల్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి.

ప్రశ్న: తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మాకు లాడ్జి ఉంది. మా వెబ్‌సైట్ ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల మాదిరి అగుపడతా ఉండాయి. పెద్దది చేసుకుంటే పక్కకు జరుపుకుంటా చదవాల. చేసిచ్చిన అబ్బాయిని అడిగితే మొత్తం మళ్లీ కట్టాలంటున్నాడు. నిజమేనా సార్?
– ఒక లాడ్జి యజమాని, తిరుపతి

జవాబు: చాలావరకు అవసరం ఉండదు. మీరు చెప్పిన రెండు లక్షణాలకు రెండు వేర్వేరు కారణాలున్నాయి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి సరిచేయాలి.

అక్షరాలు చిన్నగా కనిపించడానికి కారణం పేజీ ఫైల్ తలభాగంలో (హెడ్) వ్యూపోర్ట్ మెటా ట్యాగ్, అంటే పేజీని ఎంత వెడల్పున పరచాలో బ్రౌజర్‌కు చెప్పే లైను, లేకపోవడం. 2007లో ఐఫోన్ వచ్చేనాటికి వెబ్‌సైట్లు దాదాపు అన్నీ కంప్యూటర్ తెర కోసం చేసినవే. అందుకని ఫోన్ బ్రౌజర్ తన తెర 980 పిక్సెళ్ల వెడల్పు ఉన్నట్టు ఊహించుకుని, పేజీని ఆ లెక్కలో పరిచి, తర్వాత మొత్తాన్ని కుదించి చూపేది. ఆ ట్యాగ్ లేని పేజీలకు ఇప్పటికీ అదే పద్ధతి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సీఎస్‌ఎస్ లెక్కన తెర వెడల్పు 360 పిక్సెళ్లు. 980ని 360కి కుదిస్తే 16 పిక్సెళ్ల అక్షరం 6 పిక్సెళ్లకు దిగిపోతుంది. మీకు చీమల్లా కనిపిస్తున్నది అదే. హెడ్ భాగంలో వ్యూపోర్ట్ పేరుతో ఒక మెటా ట్యాగ్ పెట్టి, దాని కంటెంట్‌లో విడ్త్=డివైస్-విడ్త్, ఇనీషియల్-స్కేల్=1 అని రాయించండి. దాని పక్కనే యూజర్-స్కేలబుల్=నో అనిగానీ, మ్యాక్సిమమ్-స్కేల్=1 అనిగానీ చేర్చనివ్వకండి. మీ గది అద్దె చూసేవాళ్లలో కళ్లద్దాలు మరిచిపోయి వచ్చిన పెద్దవాళ్లూ ఉంటారు. వాళ్లకు జూమ్ ఉండాలి.

ఈ ఒక్క లైను పెట్టగానే పేజీ ముందుకంటే అధ్వానంగా కనిపిస్తుంది. కంగారుపడి తీసేయకండి. ఇంతదాకా కుదింపు వెనక దాగి ఉన్న రెండో తప్పు ఇప్పుడు బయటపడింది, అంతే. పేజీ మొత్తాన్ని చుట్టే పెట్టెకు విడ్త్ 1200 పిక్సెళ్లు అని బిగించి ఉంటారు. దాన్ని మ్యాక్స్-విడ్త్ 1200గా మార్చి, విడ్త్ 100 శాతం ఇవ్వాలి. అంటే చోటుంటే 1200 దాకా పెరుగుతుంది, లేకపోతే తెరతోపాటు తగ్గుతుంది. అన్ని పెట్టెలకూ బాక్స్-సైజింగ్ బోర్డర్-బాక్స్ అని పెట్టించండి. లేకపోతే 360 పిక్సెళ్ల తెర మీద 100 శాతం వెడల్పుకు అటు 16, ఇటు 16 పాడింగ్ (పెట్టె లోపలి ఖాళీ) కలిసి 392 అవుతుంది, పేజీ మళ్లీ పక్కకు జరుగుతుంది. ఫోటోలకు మ్యాక్స్-విడ్త్ 100 శాతం, హైట్ ఆటో.

ఇక వరుసల సంగతి. గది ఫోటో ఎడమన, వివరాలు మధ్యలో, అద్దె కుడిన అని మూడు నిలువు వరుసలు పెట్టి, ఫోన్ కోసం వాటిని విడగొట్టే ప్రయత్నం చేస్తారు చాలామంది. తిరగేసి చేయడం తేలిక. మామూలు సీఎస్‌ఎస్‌లో అన్నీ ఒకే నిలువు వరుసలో, ఒకదాని కింద ఒకటి ఉండనివ్వండి. తెర వెడల్పు పెరిగినప్పుడు మాత్రం మిన్-విడ్త్ మీడియా క్వెరీతో (తెర ఇంత వెడల్పు దాటితేనే వర్తించే నియమంతో) రెండు, మూడు వరుసలు చేయండి. ఏ వెడల్పు దగ్గర మార్చాలన్నది ఫోన్ మోడళ్ల జాబితా చూసి నిర్ణయించే విషయం కాదు. కంప్యూటర్‌లో బ్రౌజర్ కిటికీని 320 నుంచి మెల్లగా వెడల్పు చేస్తూ పోండి. ఫోటో పక్కన ఖాళీ మరీ ఎక్కువైందనిపించిన చోట ఆ మార్పు పెట్టండి. మీ పేజీకి అది 620 కావచ్చు, 700 కావచ్చు.

ఫోన్‌లో ఏది ముందు రావాలన్నది ఇంతకంటే ముఖ్యం. రైలు దిగి ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసేవాడికి కావలసినవి నాలుగే: గది ఉందా, అద్దె ఎంత, ఫోన్ నంబరు, స్టేషన్ నుంచి దారి. యాజమాన్యం పలుకులు, పూలతోట ఫోటోలు ఆ తర్వాత. ఈ క్రమాన్ని హెచ్‌టీఎంఎల్‌లోనే (పేజీలో ఏముందో రాసే ఫైల్‌లోనే) సరిగ్గా రాయండి. సీఎస్‌ఎస్‌లోని ఆర్డర్ ప్రాపర్టీతో పైపైన ముందు వెనకలు చేస్తే కంటికి మారినట్టు కనిపిస్తుంది కానీ, కీబోర్డుతో వెళ్లేవాళ్లకు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడే అంధులకు పాత క్రమమే మిగులుతుంది.

సైటు చేసిచ్చిన అబ్బాయి మాట నిజమయ్యే సందర్భం ఒకటుంది. పేజీలోని ప్రతి ముక్కనూ పొజిషన్ యాబ్సల్యూట్‌తో ఇన్ని పిక్సెళ్ల దూరంలో అని మేకు కొట్టినట్టు పెట్టి ఉంటే, సర్దడం కంటే కొత్తగా రాయడమే చౌక. ఐదారు పేజీల సైటు కాబట్టి అదీ పెద్ద పని కాదు.

ప్రశ్న: వ్యూపోర్ట్ ట్యాగ్, మీడియా క్వెరీలు అన్నీ పెట్టినా కూడా పేజీ పక్కకు కొంచెం జరుగుతా ఉంది అన్నా. బాడీకి ఓవర్‌ఫ్లో-ఎక్స్ హిడెన్ పెడితే ఆగింది. అట్లే వదిలేయొచ్చా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, చంద్రగిరి

జవాబు: వదిలేయకు తమ్ముడూ. అది తెర దాటిన భాగాన్ని దాస్తుంది, అంతే. పొంగుతున్న గిన్నె మీద మూత పెట్టావు, మంట తగ్గించలేదు. పొంగిన ముక్క ఇంకా పొంగే ఉంది, దాని కుడి అంచు ఎవరికీ కనిపించదు. పైగా ఓవర్‌ఫ్లో హిడెన్ తగిలిస్తే లోపల పొజిషన్ స్టికీ పెట్టిన మెనూ స్క్రోల్ చేసినప్పుడు పైన అంటుకుని ఉండటం చాలాసార్లు మానేస్తుంది. ఆ కారణం తెలియక గంటలు పోతాయి.

దొంగను పట్టుకోవడానికి, పేజీలోని అన్ని ఎలిమెంట్లకూ ఎర్ర అవుట్‌లైన్ 1 పిక్సెల్ తాత్కాలికంగా పెట్టు. బోర్డర్ వద్దు, అది వెడల్పును మారుస్తుంది, అవుట్‌లైన్ మార్చదు. తెర దాటిన ఎర్రగీత వెంటనే కనిపిస్తుంది. దొరికేవి సాధారణంగా ఇవే. కంప్యూటర్‌లో మాత్రమే జరుగుతోందంటే 100 వీడబ్ల్యూ (తెర వెడల్పులో 100 శాతం) అని రాసిన చోటు చూడు. ఆ కొలతలో నిలువు స్క్రోల్‌బార్ కూడా కలిసి ఉంటుంది. విండోస్‌లో ఆ బార్ 15, 17 పిక్సెళ్లు తింటుంది కాబట్టి అంత మేర పేజీ బయటికి వస్తుంది. 100 శాతం అని మార్చు. ఫోన్‌లో జరుగుతోందంటే గూగుల్ మ్యాప్ ఎంబెడ్ (పేజీలో అతికించిన మ్యాప్) చూడు. అది ఇచ్చే కోడ్‌లో వెడల్పు 600, ఎత్తు 450 అని ఉంటుంది. దానికి విడ్త్ 100 శాతం, ఆస్పెక్ట్-రేషియో 4/3, హైట్ ఆటో ఇవ్వు.

ఫ్లెక్స్‌బాక్స్‌లో (పెట్టెలను పక్కపక్కన సర్దే పద్ధతిలో) తెలియక పడే గుంట ఇంకొకటి. ఫ్లెక్స్ పిల్లలకు, అంటే లోపలి పెట్టెలకు, మిన్-విడ్త్ మొదట్లో సున్నా కాదు, ఆటో. అంటే లోపలున్న అతిపెద్ద పదమో, పొడవాటి ఈమెయిల్ చిరునామానో ఎంత వెడల్పు ఉంటే అంతకంటే ఆ పెట్టె సన్నబడనంటుంది. ఆ పిల్లకు మిన్-విడ్త్ 0 ఇచ్చి, ఓవర్‌ఫ్లో-రాప్ బ్రేక్-వర్డ్ పెట్టు. గ్రిడ్‌లో (గళ్లుగా సర్దే పద్ధతిలో) కూడా ఇదే కథ: ఒట్టి 1ఎఫ్‌ఆర్ (మిగిలిన చోటులో ఒక వాటా) బదులు మిన్‌మ్యాక్స్(0, 1ఎఫ్‌ఆర్).

కార్డులకు అందరూ రాసే రిపీట్(ఆటో-ఫిట్, మిన్‌మ్యాక్స్(280 పిక్సెళ్లు, 1ఎఫ్‌ఆర్)) మంచిదే, మీడియా క్వెరీ లేకుండానే వరుసలు సర్దుకుంటాయి. కానీ 320 తెర మీద రెండు వైపులా 24 పాడింగ్ పోతే మిగిలేది 272. కార్డు 280 కావాలంటుంది, 8 పిక్సెళ్లు బయటికి వస్తుంది. 280 ఉన్న చోట మిన్(280 పిక్సెళ్లు, 100 శాతం) అని రాస్తే ఆ తగాదా తీరిపోతుంది.

ప్రశ్న: మా మండీలో రోజూ మామిడి ధరలు సైటులో పెడతాం. రకం, గ్రేడు, కనిష్ఠం, గరిష్ఠం, వచ్చిన సరుకు, తేదీ. మొత్తం ఆరు నిలువు వరుసలు. రైతులందరూ ఫోన్‌లోనే చూస్తారు, పట్టిక సగమే అగుపడతాంది. ఇప్పుడు బోర్డును ఫోటో తీసి పెడతా ఉన్నాము.
– మండీ గుమస్తా, చిత్తూరు జిల్లా

జవాబు: ఫోటో మానేయండి. ఫోటోలోని అంకెలు తెరకు తగ్గట్టు సర్దుకోవు, వెతికితే దొరకవు, సిగ్నల్ బలహీనంగా ఉన్న తోటలో తెరుచుకోవు.

సీఎస్‌ఎస్ ముట్టకముందే పట్టికను తగ్గించవచ్చు. తేదీ అన్ని అడ్డ వరుసలకూ ఒకటే కదా, దాన్ని పట్టిక పైన క్యాప్షన్‌లోకి ఎత్తేయండి. కనిష్ఠం, గరిష్ఠం కలిపి ఒకే గడిలో పెట్టండి. ఆరు నాలుగైంది. తోతాపురి, బేనీషా, నీలం లాంటి పొట్టి పేర్లు కాబట్టి 360 తెరలో చాలావరకు ఇమిడిపోతుంది.

అప్పటికీ ఇమడకపోతే ఒక్కో అడ్డ వరుసను ఒక్కో కార్డుగా విడగొట్టమని చాలామంది సలహా ఇస్తారు. చిరునామాల పట్టికకు అది సరే. ధరలకు వద్దు. రైతు చూసేది తోతాపురి పక్కన బేనీషా ఎంత పలికిందని. అంకెలు ఒకదాని కింద ఒకటి ఉంటేనే ఆ పోలిక కుదురుతుంది. కాబట్టి పట్టికను పట్టికగానే ఉంచి, చుట్టూ ఒక పెట్టె పెట్టి దానికి ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో ఇవ్వండి. అప్పుడు పేజీ కదలదు, పట్టిక మాత్రమే పక్కకు జరుగుతుంది. మొదటి నిలువు వరుస, అంటే రకం పేరు, పొజిషన్ స్టికీ, లెఫ్ట్ 0తో అతుక్కుని ఉండాలి. దానికి తప్పకుండా గట్టి బ్యాక్‌గ్రౌండ్ రంగు ఇవ్వండి, లేకపోతే కిందినుంచి జరిగే అంకెలు పేర్లలోంచి తొంగిచూస్తాయి. బోర్డర్-కొలాప్స్ కొలాప్స్ అని ఉంటే స్టికీ గడుల గీతలు జరిపేటప్పుడు మాయమవుతాయి. సెపరేట్ పెట్టి బోర్డర్-స్పేసింగ్ 0 ఇవ్వండి. అంకెలు కుడివైపు సర్ది, ఫాంట్-వేరియంట్-న్యూమరిక్ ట్యాబ్యులర్-నమ్స్ ఇస్తే, ఫాంట్‌లో ఆ సదుపాయం ఉన్నప్పుడు, పదులూ వందలూ ఒకే నిలువులో పడతాయి.

చివరి నిలువు వరుస సగం తెగి కనిపించేలా వెడల్పులు చూసుకోండి. సరిగ్గా గీత దగ్గర ఆగితే పక్కన ఇంకా ఉందని ఎవరికీ తట్టదు.

ప్రశ్న: ఫోన్ వాళ్లకు వేరే సైటు, కంప్యూటర్ వాళ్లకు వేరే సైటు చేయడం మేలు కాదా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: కాదు. రెండు చోట్ల ధర మార్చాలి, ఒకచోట మరిచిపోతారు. ఒకే పేజీ అన్ని తెరలకూ సర్దుకోవాలన్న పద్ధతికి 2010లో ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టినప్పటి నుంచి ఈ చర్చ దాదాపు ముగిసినట్టే. గూగుల్ కూడా ఇప్పుడు పేజీని ఫోన్ కళ్లతోనే చదువుతుంది. ఆ మార్పు పూర్తయిందని 2023లో ప్రకటించింది. ఫోన్ వెర్షన్‌లో లేని సమాచారం వెతుకులాటలో లేనట్టే లెక్క.

ప్రశ్న: మాది కలంకారీ దుకాణం. సైటంతా తెలుగులో పెట్టినాము. శీర్షికల్లో వత్తులు కింది లైను మీద ఎక్కుతున్నాయి. బటన్లలో అక్షరాల కాళ్లు తెగిపోతున్నాయి. పెద్ద పదాలు గడి దాటిపోతాయి. పేజీ తెరిచిన వెంటనే ఒకసారి గెంతుతుంది కూడా.
– ఒక దుకాణదారు, శ్రీకాళహస్తి

జవాబు: మీరు వాడిన థీమ్ (తయారుగా దొరికే సైటు రూపం) ఇంగ్లిష్ అక్షరాల కొలతలతో చేసినది. ఇంగ్లిష్ అక్షరం ఒక అంతస్తు మేడ అయితే తెలుగుది మూడంతస్తులు. పైన గుడులు, మధ్యలో అక్షరం, కింద వత్తులు. స్త్రీ, లక్ష్మి లాంటి మాటల్లో కింది అంతస్తు కూడా రెండుగా చీలుతుంది. థీమ్ శీర్షికలకు లైన్-హైట్ 1.2 ఇచ్చి ఉంటుంది. తెలుగుకు శీర్షికల్లో 1.4 నుంచి 1.5, మామూలు పాఠంలో 1.7 దగ్గర పెట్టండి. దానికి పిక్సెళ్ల కొలత ఇవ్వకండి, ఒట్టి అంకె ఇవ్వండి. అప్పుడే అక్షరం సైజు మారినప్పుడు దూరమూ దానితోపాటు మారుతుంది. బటన్ల కాళ్లు తెగడానికి కారణం హైట్ 36 అని బిగించడం. హైట్ తీసేసి మిన్-హైట్ 48, పైనా కిందా పాడింగ్ ఇవ్వండి.

పదాల పొడవు తెలుగు స్వభావం. తెలుసుకోవాలనుకుంటున్నవారు అనే ఒక్క మాట 32 పిక్సెళ్ల సైజులో ఫోన్ తెర వెడల్పును దాదాపు తినేస్తుంది. శీర్షికకు ఫాంట్-సైజ్ ఇలా, కనిష్ఠం, తెరతో మారే సైజు, గరిష్ఠం అన్న క్రమంలో, ఇచ్చి చూడండి (రెమ్ అంటే బ్రౌజర్ మామూలు అక్షరం సైజు, సాధారణంగా 16 పిక్సెళ్లు): క్లాంప్(1.375 రెమ్, 1.1 రెమ్ + 1.4 వీడబ్ల్యూ, 2 రెమ్). 360 తెర మీద ఇది 22.6 పిక్సెళ్లు అవుతుంది. తెర 1030 దగ్గరికి వచ్చేసరికి 32కు చేరి అక్కడ ఆగిపోతుంది. మధ్యలో రెమ్ భాగం ఎందుకంటే, ఒట్టి వీడబ్ల్యూ పెడితే పాఠకుడు జూమ్ చేసినా అక్షరం పెరగదు. ఓవర్‌ఫ్లో-రాప్ బ్రేక్-వర్డ్ కూడా ఉండాలి. వర్డ్-బ్రేక్ బ్రేక్-ఆల్ మాత్రం వద్దు. అది చోటు ఉన్నా లేకపోయినా ప్రతి లైను చివరా మాటను నరుకుతుంది, చదవడం నరకమవుతుంది. ఇంగ్లిష్ శీర్షికలకు అందమని థీమ్‌లో లెటర్-స్పేసింగ్ పెట్టి ఉంటారు. దాన్ని తెలుగుకు సున్నా చేయండి. కలిసి ఉండాల్సిన తెలుగు అక్షరాలు దూరం జరిగి మాట పగిలినట్టు ఉంటుంది.

గెంతడం ఫాంట్ వల్ల. ముందు ఫోన్‌లోని సొంత తెలుగు ఫాంట్‌తో పేజీ వస్తుంది, మీరు పెట్టిన ఫాంట్ దిగుమతి కాగానే మారుతుంది. రెంటి కొలతలు వేరు కాబట్టి కిందిదంతా జరుగుతుంది. మా అభిప్రాయం, మామూలు పాఠానికి బయటి ఫాంట్ వద్దే వద్దు. ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ ముందే ఉన్నాయి, అన్నీ చదవడానికి బాగుంటాయి. దుకాణం పేరుకు, పెద్ద శీర్షికలకు మాత్రం ఒక ప్రత్యేక ఫాంట్ పెట్టుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి ఉచితం. మీ ఊరి కవి ధూర్జటి పేరుతోనే ఒక ఫాంట్ ఉంది, శ్రీకాళహస్తి దుకాణానికి అంతకంటే తగినది ఏముంటుంది! ఈ మూడూ ఒకే మందంలో వస్తాయి. హెచ్1, హెచ్2 ట్యాగులు తమంతట తామే బోల్డ్ అడుగుతాయి, బ్రౌజర్ లేని బోల్డ్‌ను పుట్టించబోయి అక్షరాలకు మసి పూస్తుంది. శీర్షికలకు ఫాంట్-వెయిట్ 400 అని తప్పక రాయండి. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో లాంగ్ విలువ టీఈ అని పెడితే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తెలుగు గొంతును ఎంచుకుంటుంది.

మీ ఉత్తరంలో అడగకపోయినా ఫోటోల గురించి ఒక మాట. కలంతో గీసిన సన్నగీతలే మీ సరుకు విలువ. కెమెరా ఇచ్చిన 4000 పిక్సెళ్ల ఫోటోను నేరుగా ఎక్కిస్తే ఫోన్‌లో చాలా నెమ్మదిగా తెరుచుకుంటుంది, మరీ కుదిస్తే గీతలు చెరిగిపోతాయి. ఒక్కో ఫోటోను 480, 800, 1200, 1600 వెడల్పుల్లో వెబ్‌పీగా, క్వాలిటీ 80 ప్రాంతంలో సేవ్ చేసి, నాలుగింటినీ ఎస్‌ఆర్‌సీసెట్‌లో (ఇమేజ్ ట్యాగులో ఫోటో ఫైళ్ల జాబితా రాసే చోట) ఇవ్వండి. సైజెస్‌లో, అంటే ఫోటో ఎంత వెడల్పున కనిపిస్తుందో చెప్పే చోట, ఫోన్‌కు 100 వీడబ్ల్యూ, కంప్యూటర్‌లో మూడు వరుసలైతే 33 వీడబ్ల్యూ అని చెప్పండి. సైజెస్ రాయకపోతే బ్రౌజర్ తెరంత ఫోటో అనుకుని అవసరం లేకపోయినా పెద్దది దించుకుంటుంది. 360 తెర ఫోన్ 1200 ఫోటోను అడిగితే ఆశ్చర్యపోకండి. చాలా ఫోన్లలో ఒక్కో సీఎస్‌ఎస్ పిక్సెల్‌కు అడ్డంగా 3 అసలు పిక్సెళ్లుంటాయి, 360 మూళ్లు 1080. ఇమేజ్ ట్యాగులో విడ్త్, హైట్ అంకెలు వదలకండి. అవి ఉంటే బ్రౌజర్ ఫోటో రాకముందే దాని చోటు ఖాళీగా ఉంచుతుంది, పేజీ గెంతదు. లోడింగ్ లేజీ అన్నది కిందున్న ఫోటోలకే. తెరవగానే కనిపించే మొదటి ఫోటోకు పెడితే అది ఇంకా ఆలస్యమవుతుంది. కథంతా చెప్పే పొడవాటి కలంకారీ వస్త్రాన్ని ఫోన్ వెడల్పుకు కుదిస్తే బొమ్మలన్నీ చుక్కలవుతాయి. అలాంటి వాటికి పిక్చర్ ట్యాగు వాడి, ఫోన్‌కు ఒక ఘట్టాన్ని మాత్రమే కత్తిరించి చూపండి, నొక్కితే పూర్తి బొమ్మ రావాలి.

ప్రశ్న: ట్యాక్సీ బుకింగ్ పేజీలో కింద ‘ఫోన్ చేయండి’ పట్టీ పెట్టినాం. కొన్ని ఫోన్లలో అది సగం దాక్కుంటుంది. ఐఫోన్‌లో పేరు రాయబోతే పేజీ అంతా పెద్దదైపోతుంది.
– ట్రావెల్స్ నడిపే ఒకరు, తిరుచానూరు

జవాబు: పేజీకి 100 వీహెచ్ (తెర ఎత్తులో 100 శాతం) ఎత్తు ఇచ్చి, పట్టీని దాని అడుగున పెట్టి ఉంటారు. ఫోన్‌లో 100 వీహెచ్ అంటే బ్రౌజర్ చిరునామా పట్టీ ముడుచుకున్నప్పటి ఎత్తు. పేజీ తెరిచినప్పుడు ఆ పట్టీ విప్పుకునే ఉంటుంది కాబట్టి మీ అడుగుభాగం తెర కిందికి పోతుంది. 100 డీవీహెచ్ వాడండి, ఎప్పటికప్పుడు ఉన్న ఎత్తును కొలుస్తుంది. పాత ఫోన్ల కోసం పై లైనులో 100 వీహెచ్ కూడా ఉంచండి. డీవీహెచ్ తెలియని బ్రౌజర్ రెండో లైనును వదిలేసి మొదటిదాన్ని తీసుకుంటుంది. ఒక్క పట్టీ కోసమే అయితే ఎత్తుల జోలికి పోకుండా పొజిషన్ ఫిక్స్‌డ్, బాటమ్ 0 చాలు. ఐఫోన్ అడుగున ఉండే గీత కింద ఇరుక్కోకుండా పాడింగ్-బాటమ్‌లో ఎన్వ్(సేఫ్-ఏరియా-ఇన్‌సెట్-బాటమ్) ఇవ్వండి. వ్యూపోర్ట్ ట్యాగులో వ్యూపోర్ట్-ఫిట్=కవర్ ఉంటేనే అది పని చేస్తుంది. పట్టీ ఎత్తు 56 అయితే బాడీకి కూడా కింద అంత పాడింగ్ వదలాలి. లేకపోతే చార్జీల చివరి లైను ఎప్పటికీ ఆ పట్టీ వెనకే ఉండిపోతుంది.

ఐఫోన్ పెద్దది చేయడానికి కారణం ఇన్‌పుట్ అక్షరాల సైజు 16 పిక్సెళ్లకంటే తక్కువ ఉండటం. 16 చేయండి, ఆగిపోతుంది. ఫోన్ నంబరు గడికి టైప్ టెల్ పెడితే అంకెల కీబోర్డు వస్తుంది. పట్టీలోని లింకులో నంబరు ముందు +91 ఉండాలి, మీ యాత్రికుల్లో విదేశీ సిమ్‌లతో వచ్చేవాళ్లూ ఉంటారు. నొక్కే చోట్లు 48 పిక్సెళ్ల ఎత్తు, వెడల్పు ఉంటే బొటనవేలికి తప్పదు. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (వైకల్యం ఉన్నవాళ్లకూ సైట్లు అందుబాటులో ఉండేందుకు చేసిన) ప్రమాణం కనీసం 24 అంటుంది, కదిలే బస్సులో అది చాలదు.

ప్రశ్న: నా దగ్గర ఒక్క ఫోనే ఉంది. అన్ని తెరల్లో ఎట్లా పరీక్షించాల?
– ఫ్రీలాన్స్ డిజైనర్, పుత్తూరు

జవాబు: క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, కంట్రోల్, షిఫ్ట్, ఎం కలిపి నొక్కితే వెడల్పు మార్చుకునే తెర వస్తుంది. 320, 360, 412, 768, 1024, 1366, 1920 దగ్గర ఆగి చూడండి, మధ్యలో కూడా లాగుతూ పోండి. తప్పులు ఎక్కువగా దొరికేది 700కూ 1000కీ మధ్యలోనే. అక్కడ మెనూ రెండు వరుసలవుతుంది, కార్డుల్లో ఒకటి ఒంటరిగా మిగులుతుంది. ఫోన్‌ను అడ్డంగా తిప్పినట్టు 640కి 360 కూడా పెట్టి చూడండి. పైన అతుక్కున్న హెడర్, కింద అతుక్కున్న పట్టీ కలిసి చదివే చోటును మింగేస్తున్నాయేమో తెలుస్తుంది. కంప్యూటర్‌లో కిటికీ 1280 వెడల్పు ఉంచి 400 శాతం జూమ్ చేస్తే అది సరిగ్గా 320 తెరతో సమానం, చూపు మందగించినవాళ్లు చూసే పేజీ అదే.

కీబోర్డు లేచినప్పుడు ఫారం ఏమవుతుందో, చిరునామా పట్టీ ముడుచుకుంటే ఏమవుతుందో ఈ నకిలీ తెర చూపదు. వాటికి మీ ఒక్క ఫోనే సాక్షి. యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్ క్రోమ్‌లోని ఇన్‌స్పెక్ట్ పేజీ తెరిస్తే ఫోన్‌లో ఉన్న పేజీని అక్కడి నుంచే విప్పి చూడొచ్చు. ఫోన్ సెట్టింగుల్లో అక్షరాల సైజును అతిపెద్దదిగా పెట్టి ఒకసారి, మధ్యాహ్నం ఎండలో బయట నిలబడి ఒకసారి చూడండి. లేత బూడిద రంగు అక్షరాలు అక్కడ మాయమైతే, అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా 4.5:1 కంటే తక్కువ ఉందేమో డెవలపర్ టూల్స్‌లోని రంగుల గడిలో సరిచూసి, అక్షరం రంగును ముదురు చేయండి.